గంపలోంచి పుట్టిన ఆట: అమెరికా కాలేజీల్లో బాస్కెట్‌బాల్ మొదటి సీజన్లు



ఈసారి గోడపత్రికలో ఆటల పేజీ నా వంతుకు వచ్చింది. క్రికెట్ గురించి రాయమని చాలామంది అడిగారు. క్రికెట్ సంగతి మీకు నాకన్నా ఎక్కువే తెలుసు. అందుకని మన కోడేరు పక్క తక్కువగా ఆడే బాస్కెట్‌బాల్‌ను పాఠంగా తీసుకున్నాను. అది ఎట్ల పుట్టింది, అమెరికా కాలేజీల్లో మొదటి సీజన్లు ఎట్ల నడిచినయి, ఒక్కో నియమం ఎందుకు వచ్చింది అనేవి వరుసగా చెప్తాను. చివరన ప్రశ్నలున్నాయి. మధ్యలో వదిలేసి పోకండి, ఎందుకంటే ఇందులో మన సాయంత్రం ఆటల పీరియడ్ సంగతి కూడా ఉంది.

1. చలికాలం తెచ్చిన చిక్కు

అమెరికాలో మసాచుసెట్స్ అనే రాష్ట్రం ఉంది. అందులో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊరు. అక్కడ వై.ఎం.సి.ఎ. వాళ్ల శిక్షణ పాఠశాల ఉండేది. వై.ఎం.సి.ఎ. అంటే క్రైస్తవ యువకుల సంఘం. మన పీఈటీ సార్లు శిక్షణ పొందినట్టే అక్కడ వ్యాయామం నేర్పేవాళ్లు తయారయ్యేవారు.

ఆ దేశంలో చలికాలం వస్తే మంచు పడుతుంది, బయట ఆడలేరు. వానాకాలంలో మన గ్రౌండ్ బురదయితే మనం వరండాలో కూర్చున్నట్టు వాళ్లు హాల్లో వ్యాయామాలు చేయాలి. చేతులు పైకి, చేతులు కిందికి, రోజూ అదే. 18 మంది ఉన్న ఒక తరగతికి విసుగు పుట్టింది. వాళ్లను అదుపు చేయలేక ఇద్దరు మాస్టర్లు తప్పుకున్నారు. అప్పుడు పెద్దసారు లూథర్ గూలిక్ ఆ తరగతిని జేమ్స్ నైస్మిత్‌కు ఒప్పజెప్పి, హాల్లో ఆడే కొత్త ఆట కనిపెట్టడానికి 14 రోజులు గడువిచ్చాడు. ఇది 1891 డిసెంబర్ మాట.

ఈ నైస్మిత్ గురించి రెండు మాటలు. ఈయన 1861లో కెనడాలో పుట్టాడు. 9 ఏళ్ల వయసుకే తల్లీతండ్రీ ఇద్దరూ టైఫాయిడ్ జ్వరంతో చనిపోయారు, మేనమామ పెంచాడు. మధ్యలో బడి మానేసి అడవిలో కలప కొట్టే పనికి పోయిండు. కొన్నేళ్లకు మళ్లీ తిరిగొచ్చి చదువు పూర్తి చేసిండు. మన తండాల్లో, పెంటల్లో బడి మానేసిన దోస్తులు అందరికీ ఉన్నారు. వాళ్లకు ఈ సంగతి చెప్పండి.

2. ఆలోచన ఎట్ల వచ్చింది?

నైస్మిత్ మొదట ఫుట్‌బాల్ వంటి ఆటల్నే హాల్లో ఆడించి చూశాడు. గచ్చు మీద పడి దెబ్బలు తగిలినయి. అప్పుడు కూర్చొని లెక్కేశాడు. దెబ్బలు ఎందుకు తగులుతున్నాయి? బంతి పట్టుకొని ఉరుకుతున్నాడు కాబట్టి అవతలివాడు పడేస్తున్నాడు. ఉరకడమే లేకపోతే పడేసే అవసరం లేదు. అట్లా మొదటి సూత్రం దొరికింది: బంతితో పరుగెత్తరాదు, పట్టుకున్న చోటు నుంచే ఇంకొకరికి వేయాలి.

రెండో ప్రశ్న గోల్. గోల్ నేల మీద నిలువుగా ఉంటే అందరూ బలమంతా పెట్టి కొడతారు. చిన్నప్పుడు కెనడాలో ఆడిన ఒక రాళ్ల ఆట ఆయనకు గుర్తొచ్చింది. బండ మీద ఒక రాయి పెడతారు, దూరం నుంచి రాళ్లు విసిరి దాన్ని పడేయాలి. గట్టిగా విసిరి తప్పితే మన రాయి ఎక్కడికో పోతుంది. దాన్ని తేవడానికి దూరం ఉరకాలి, ఈలోపు పట్టుబడతాం. పైకి మెల్లగా, వంపుగా వేస్తే రాయి దగ్గర్లోనే పడుతుంది. మన ఏడుపెంకులాటలో గురిచూసి వేసేవాడికి ఈ తేడా బాగా తెలుసు. అందుకని గోల్‌ను తల పైన, నోరు ఆకాశంవైపు ఉండేటట్టు పెడితే బలం పని చేయదు, గురే పని చేస్తుంది అనుకున్నాడు. ఈ ఆట కీలకమంతా ఇందులోనే ఉంది.

ఆయన బడి అటెండర్‌ను రెండు చెక్క పెట్టెలు అడిగాడు. పెట్టెలు లేవు, పీచ్ పండ్ల గంపలు రెండున్నాయి అన్నాడు. మన దిక్కు సీతాఫలాలు పోసే గంపల వంటివి. వాటినే హాల్లో పై వసారా కమ్మీకి మేకులతో కొట్టారు. ఆ కమ్మీ నేల నుంచి 10 అడుగుల ఎత్తులో ఉంది. ఎవరూ కొలిచి నిర్ణయించింది కాదు, కమ్మీ అక్కడున్నది, గంతే. ఈనాటికీ ప్రపంచంలో పెద్దవాళ్ల పోటీ ఎక్కడ జరిగినా రింగు ఎత్తు అదే 10 అడుగులు, అంటే 3.05 మీటర్లు.

తరువాత 13 నియమాలు టైపు చేయించి హాల్లో నోటీసు బోర్డుకు గుచ్చారు. ఒక ఆట మొట్టమొదట గోడ మీది కాగితంగానే బయటికొచ్చింది. 1892 జనవరి 15న ఆ పాఠశాల పత్రిక 'ట్రయాంగిల్' వాటిని అచ్చు వేసింది. గోడపత్రికను చిన్నచూపు చూసేవాళ్లు ఈ మాట గమనించాలి!

ఆటకు 'నైస్మిత్ బాల్' అని పేరు పెడదామని ఫ్రాంక్ మహాన్ అనే విద్యార్థి అన్నాడట. నైస్మిత్ నవ్వి వద్దన్నాడు. గంప ఉంది, బంతి ఉంది కనుక 'బాస్కెట్ బాల్' అన్నారు.

3. ఎంతమంది ఆడాలి?

ఇప్పుడు జట్టుకు 5 మంది అని మనం చదువుకున్నాం. కానీ మొదటి ఆటలో జట్టుకు 9 మంది. ఎందుకు? తరగతిలో 18 మంది ఉన్నారు కాబట్టి! ముగ్గురు ముందు, ముగ్గురు మధ్యలో, ముగ్గురు గోల్ కాపలా. ఒక్కడు కూడా ఖాళీగా కూర్చోలేదు. 15 నిమిషాల చొప్పున రెండు భాగాలు ఆడితే మొత్తం మీద ఒకే ఒక్క గోల్ పడింది. స్కోరు 1-0.

నైస్మిత్ మొదటి రాతలో జట్టులో ఎంతమంది ఉండాలనేది స్థలాన్ని బట్టి ఉంటుందని, 3 నుంచి 40 మంది దాకా ఆడవచ్చని రాశాడు. అంటే మొదట ఆట మనుషులకు సరిపోయేటట్టు మారింది గానీ, ఆట కోసం మనుషుల్ని పక్కన పెట్టలేదు. ఈ వాక్యం గుర్తుంచుకోండి, చివర మళ్లీ పని పడుతుంది.

4. కాలేజీల మొదటి మ్యాచ్‌లు

స్ప్రింగ్‌ఫీల్డ్ విద్యార్థులు సెలవులకు ఇండ్లకు పోయినప్పుడు, చదువు అయిపోయి ఉద్యోగాలకు పోయినప్పుడు ఆటను వెంట తీసుకపోయారు. అట్లా కాలేజీలకు చేరింది. అప్పట్లో ఇప్పటిలాగ లీగులు, కప్పులు లేవు. సీజన్ అంటే ఒక చలికాలం. పక్క కాలేజీ దొరికితే కాలేజీతో, లేకపోతే ఊళ్లోని వై.ఎం.సి.ఎ. జట్టుతో ఆడేవాళ్లు. అమెరికా కాలేజీలన్నిటికీ కలిపి ఎన్.సి.ఎ.ఎ. పోటీ మొదలైంది 1939లోనే.

ముఖ్యమైన మూడు మ్యాచ్‌లు నోటుబుక్కులో రాసుకోండి.

మొదటిది, 1895 ఫిబ్రవరి 9. మిన్నెసోటా రాష్ట్రంలో హామ్లిన్ కాలేజీకీ, మిన్నెసోటా వ్యవసాయ పాఠశాలకూ మధ్య. రెండు విద్యాసంస్థల మధ్య జరిగిన తొలి మ్యాచ్‌గా దీన్ని చెప్తారు. జట్టుకు 9 మంది. హామ్లిన్‌కు ఈ ఆట తెచ్చినవాడు రే కేన్. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆ 18 మందిలో ఇతనూ ఒకడు. అయినా గెలిచింది వ్యవసాయ బడి పిల్లలే, 9-3 తో.

రెండోది, 1896 జనవరి 18. అయోవా రాష్ట్రంలో అయోవా జట్టుకూ చికాగో విశ్వవిద్యాలయానికీ మధ్య. ఇందులో జట్టుకు 5 మంది. కాలేజీ స్థాయిలో ఐదుగురి ఆట ఇదే మొదలు. చికాగో 15-12 తో గెలిచింది. రెండు జట్లలో ఒక్కరినీ మార్చలేదు, ఆ పదిమందే చివరిదాకా ఆడారు. చికాగో జట్టును తయారు చేసిన స్టాగ్, అయోవాలో ఆటను నడిపిన కాలెన్‌బర్గ్, ఇద్దరూ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో నైస్మిత్‌కు తెలిసినవాళ్లే.

మూడోది, 1897 మార్చి 20. యేల్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయాల మధ్య. యేల్ 32-10 తో గెలిచింది. ఆ ఏటి నుంచి జట్టుకు 5 మంది అనే లెక్క స్థిరపడింది.

లెక్కల్లో చురుకైన తమ్ముళ్లు ఒకటి చూడండి. 1896 నాటికి గోల్‌కు 2 పాయింట్లు, ఫ్రీ త్రోకు 1 పాయింటు. చికాగో స్కోరు 15 బేసి సంఖ్య. రెండ్లు ఎన్ని కలిపినా బేసి సంఖ్య రాదు. కాబట్టి చికాగో కనీసం ఒక్క ఫ్రీ త్రో అయినా వేసి ఉండాలి. అవతలివాళ్లు తప్పు చేస్తేనే ఫ్రీ త్రో దొరుకుతుంది. 127 ఏళ్లు దాటిన మ్యాచ్ గురించి స్కోరు చూసి ఇంత చెప్పగలిగాం!

5. నియమాలు ఎట్ల మారినయి?

ఒక్కో మార్పు వెనుక ఒక్కో ఇబ్బంది ఉంది.

గంప: మొదట గంపకు అడుగు ఉండేది. గోల్ పడినప్పుడల్లా నిచ్చెన ఎక్కి బంతి తీయాలి. తరువాత ఇనుప రింగు, జాలి సంచి వచ్చినయి. ఇంకా తరువాత జాలి అడుగు తెరిచారు.

బోర్డు: పై వసారాలో కూర్చున్న ప్రేక్షకులు తమ జట్టు బంతిని లోపలికి తోసేవాళ్లు, అవతలి జట్టు బంతిని బయటికి నెట్టేవాళ్లు. వాళ్ల చేతులు ఆపడానికి రింగు వెనుక అడ్డం పెట్టారు. ఇప్పుడు బోర్డుకు కొట్టి గోల్ వేయడం ఒక విద్య అయింది. పుట్టింది మాత్రం ప్రేక్షకుల అల్లరి నుంచే.

డ్రిబ్లింగ్: బంతిని నేలకు కొట్టుకుంటూ పోవడం 13 నియమాల్లో ఎక్కడా లేదు. బంతితో ఉరకరాదు అన్నారు గానీ, బంతిని కింద వేసి మళ్లీ తానే పట్టుకోరాదని అనలేదు. ఆటగాళ్లు ఆ సందులోంచి దారి చేసుకున్నారు. అందులో యేల్ జట్టుకు పేరుంది.

బంతి: మొదట ఫుట్‌బాల్ వాడారు. ఈ ఆటకని వేరే బంతి 1890ల నడుమ వచ్చింది.

జంప్ బాల్: చాలా ఏళ్లు ప్రతి గోల్ తరువాత బంతిని మధ్యలోకి తెచ్చి పైకి వేసేవాళ్లు. పొడుగువాడున్న జట్టుకు లాభం, ఆటకు ఆలస్యం. కాలేజీల్లో 1937లో దీన్ని తీసేశారు.

మనం ఇష్టంగా ఆడే వాలీబాల్ కూడా 1895లో ఆ ప్రాంతంలోనే పుట్టింది. స్ప్రింగ్‌ఫీల్డ్ పక్కనున్న హోల్యోక్ ఊళ్లో విలియం మోర్గాన్ దాన్ని తయారు చేశాడు. ఆయనా స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదివినవాడే. బాస్కెట్‌బాల్ కొంతమందికి కష్టంగా ఉందని, అంత ఉరుకులాట లేకుండా నడిమి వయసువాళ్ల కోసం తయారు చేశాడు. ఇక్కడ కూడా ఆలోచన అదే: ఆడలేక పక్కనున్నవాళ్లకు చోటు చేయాలి.

6. కనిపెట్టినవాడే ఓడిపోయిన సీజన్

1898లో నైస్మిత్ కాన్సాస్ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. ఆ కాలేజీ మొదటి సీజన్ 1898-99. మొదటి మ్యాచ్ 1899 ఫిబ్రవరి 3న కాన్సాస్ సిటీ వై.ఎం.సి.ఎ. జట్టుతో. ఆటను కనిపెట్టినవాడి జట్టు 16-5 తో ఓడింది! ఆ సీజన్ మొత్తం మీద 7 గెలుపులు, 4 ఓటములు. అక్కడ కోచ్‌గా ఆయన మొత్తం లెక్క 55 గెలుపులు, 60 ఓటములు. ఆ కాలేజీ పురుషుల జట్టు కోచ్‌లలో గెలుపుల కన్నా ఓటములు ఎక్కువున్నవాడు ఆయనొక్కడే.

అయినా ఆయన బాధపడినట్టు కనబడదు. ఆయనకు ఆట అంటే ఒళ్లు బాగుచేసుకునే, మనిషి బాగుపడే సాధనం. గెలిపించే విద్యను ఆయన దగ్గర ఆడిన ఫాగ్ అలెన్ పెంచాడు. ఆటకు ఇద్దరూ కావాలి. ఒకరు అందరినీ ఆడించేవాళ్లు, ఒకరు గెలిపించేవాళ్లు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్‌ను చేర్చినప్పుడు నైస్మిత్ అక్కడికి పోయి కండ్లారా చూశాడు. 1939లో కన్నుమూశాడు.

7. ఒక గిరిజన హాస్టల్ జట్టు

ఇప్పటిదాకా చెప్పింది పెద్ద కాలేజీల మగపిల్లల సంగతి. అదే కాలంలో మనలాంటి హాస్టల్ పిల్లలు ఏం చేశారో చెప్పకపోతే పాఠం సగమే.

మోంటానా రాష్ట్రంలో ఫోర్ట్ షా అనే చోట పాత సైనిక కోటలో 1892లో ఆదివాసీ పిల్లల హాస్టల్ బడి పెట్టారు. ఆనాటి ప్రభుత్వ పద్ధతి ఏమిటంటే పిల్లలను తల్లిదండ్రులకు దూరంగా ఉంచడం, జుట్టూ బట్టా మార్చడం, సొంత భాష మాట్లాడితే శిక్షించడం. ఆ బడుల వల్ల ఎందరో పిల్లలు తమ భాష మరిచిపోయారు. మనం రాత్రి పడుకునేముందు గోర్ బోలీలో ముచ్చట పెట్టుకుంటాం. ఆ పిల్లలకు ఆ భాగ్యం లేదు.

ఆ బడిలో వేర్వేరు తెగల ఆడపిల్లలు బాస్కెట్‌బాల్ నేర్చుకున్నారు. జోసెఫిన్ లాంగ్లీ అనే అమ్మాయి అక్కడ ఆటను మొదలుపెట్టింది. 1902-03 చలికాలంలో వాళ్లు రాష్ట్రమంతా తిరిగి హైస్కూలు జట్లతో, కాలేజీ జట్లతో ఆడి గెలిచారు. 1904లో సెయింట్ లూయిస్ నగరంలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. రైలులో పోతూ, దారి ఊళ్లలో ఆడుతూ అక్కడికి చేరారు. ఆ ప్రదర్శనలో ఆదివాసీలను జనం చూడటానికి ఒక వింతలాగ పెట్టారు. ఆ అమ్మాయిలు మాత్రం సెయింట్ లూయిస్ మేటి జట్టును మూడు మ్యాచ్‌ల పోటీలో మొదటి రెండింటిలోనే ఓడించి వెండి కప్పు తెచ్చుకున్నారు. చూడటానికి వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టి పోయారు.

బడి 1910లో మూతబడింది. వాళ్ల పేరు చాలాకాలం ఎవరూ తలవలేదు. 2004లో అక్కడ వాళ్ల స్మారకం నిలబెట్టారు. నియమాలు రాసినవాడిదే ఆట కాదు, చోటు దొరికితే నేర్చుకొని ఆడినవాళ్లది కూడా అని నాకు ఇక్కడ అర్థమైంది.

8. మన దేశానికి ఎట్ల వచ్చింది?

వై.ఎం.సి.ఎ. ద్వారానే వచ్చింది. 1920లో హారీ క్రో బక్ అనే ఆయన మద్రాసులో వ్యాయామ విద్య కాలేజీ స్థాపించాడు. దేశంలో వ్యాయామ ఉపాధ్యాయులను తయారుచేసిన తొలి కాలేజీల్లో అది ముఖ్యమైనది. భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య 1950లో ఏర్పడింది. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో మన దేశ పురుషుల జట్టు ఆడింది.

9. ఇక మన గ్రౌండ్ సంగతి

సాయంత్రం ఆటల పీరియడ్ 60 నిమిషాలు. వాలీబాల్ కోర్టులో 12 మంది. ఎప్పుడూ దాదాపు ఆ 12 మందే. ఆడొచ్చినవాళ్లు ఆడతారు, ఆడితేనే ఆట వస్తుంది, రానివాళ్లకు ఎప్పటికీ రాదు. మిగిలినవాళ్లు గోడ మీద కూర్చుంటారు, చిన్న తమ్ముళ్లు బంతి తెచ్చిచ్చే పనిలో ఉంటారు. కొత్తగా పెంటల నుంచి వచ్చిన పిల్లలు మొదటి నెలలోనే ఇంటికి పారిపోవడానికి బెంగ ఒక కారణం. సాయంత్రం ఆ గంటసేపు తన పేరు పిలిచి 'పాస్ వెయ్యి' అనేవాడు ఉంటే ఆ బెంగ కొంత తగ్గుతుందని నా నమ్మకం.

అందుకని ఒక లెక్క రాస్తున్నాను. తరగతిలో 40 మంది అనుకుందాం. 1891 పద్ధతిలో జట్టుకు 9 మంది చొప్పున 4 జట్లు, అంటే 36 మంది. ఒక్కో మ్యాచ్ 25 నిమిషాలు, రెండు మ్యాచ్‌లకు 50 నిమిషాలు, మార్పులకు 10. మిగిలింది నలుగురు. మొదటి నియమాల్లోనే బంతిని చూసే రెఫరీ, మనుషుల తప్పులు చూసే అంపైర్ వేర్వేరు. ఇద్దరు ఆ పనికి, ఒకరు టైముకు, ఒకరు స్కోరుకు. మరునాడు ఈ నలుగురు ఆడతారు, వేరే నలుగురు ఈ పని చేస్తారు. గోడ మీద ఎవరూ మిగలరు. బంతితో ఉరకడం లేదు కనుక చిన్నవాళ్లు, పెద్దవాళ్లు కలిసి ఆడవచ్చు.

సామాను సంగతి. బంతి ఒకటి. రింగులు దొరికేదాకా రెండు వెదురు గంపలు చాలు. మన చెంచు పెంటల్లో గంపలు అల్లే పెద్దలు ఉన్నారు. అడుగు లేకుండా అల్లమంటే నిచ్చెన బాధ ఉండదు. రెండు గట్టి గుంజలు, 10 అడుగుల ఎత్తు, చిన్నవాళ్లకు 8 అడుగులు.

పోటీలకు పోయే ఐదుగురి జట్టు వద్దని నేను అనడం లేదు. అదీ కావాలి. అయితే వాళ్లు 40 మందిలోంచి రావాలి, 12 మందిలోంచి కాదు. వార్డెన్ సారూ, పీఈటీ సారూ దయచేసి ఒక్క నెల ఈ పద్ధతి నడిపించి చూడాలని తరగతి తరఫున మనవి. ఎవరెవరు ఏ రోజు ఆడారో నేను రాసి ఇదే గోడ మీద పెడతాను.

ప్రశ్నలు

1. మొదటి ఆటలో జట్టుకు 9 మంది ఎందుకు ఉన్నారు?
2. గోల్‌ను తల పైన పెట్టడం వల్ల దెబ్బలు ఎట్ల తగ్గినయి?
3. రింగు వెనుక బోర్డు ఎందుకు వచ్చింది?
4. గోల్‌కు 2, ఫ్రీ త్రోకు 1 అయితే 12 పాయింట్లు ఎన్ని రకాలుగా రావచ్చు? పట్టిక వేయండి.
5. మీ తరగతిలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి, 60 నిమిషాల్లో అందరూ ఆడేటట్టు మీరే ఒక పద్ధతి రాయండి.

అయిదో ప్రశ్నకు మంచి జవాబు రాసినవారిది వచ్చే సంచికలో ఈ పేజీలోనే రాస్తాను. కాగితాలు లైబ్రరీ పెట్టెలో వేయండి.

ఇట్లు,
మీ పదో తరగతి మిత్రుడు